26 డాలర్లతో మొదలైన శాశ్వత నిధి
కలప వ్యాపారి ఆర్చ్ క్లంఫ్ జీవితం - రోటరీ ఫౌండేషన్ పుట్టుక

భారతదేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో నమోదయింది. అంతకు రెండేళ్ళ ముందు, అంటే 2009లో, దేశంలో 741 మంది చిన్నారులు ఈ వ్యాధి బారిన పడ్డారు. ఆ ఏడాది ప్రపంచం మొత్తం మీద నమోదైన కేసులలో దాదాపు సగం ఇక్కడివే. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్‌తో సహా ఆగ్నేయాసియా ప్రాంతమంతటినీ పోలియో రహితంగా ప్రకటించింది. ఈ యజ్ఞంలో ఖర్చులో పెద్ద వాటాను భారత ప్రభుత్వమే భరించింది. ఇంటింటికీ తిరిగి చుక్కలు వేసినవారు లక్షలాది ఆరోగ్య కార్యకర్తలు, వాలంటీర్లు. అయితే ప్రభుత్వాల కంటే ముందుగా ఈ పనికి డబ్బు పోగుచేసి, ఐక్యరాజ్యసమితి సంస్థలను కదిలించిన ప్రైవేటు సంస్థ ఒకటుంది. అది రోటరీ. ఆ డబ్బు వచ్చింది రోటరీ ఫౌండేషన్ అనే ఉమ్మడి నిధి నుంచి.

ఈ నిధికి మూలపురుషుడు ధనిక కుటుంబంలో పుట్టినవాడు కాదు, పెద్ద చదువులు చదివినవాడూ కాదు. అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో కలప అడితి నడిపిన ఆర్చ్ క్లంఫ్ ఆయన. రోటరీ అనగానే అందరికీ గుర్తుకు వచ్చే పేరు పాల్ హారిస్‌ది. క్లంఫ్ పేరు సభ్యులకు బాగా పరిచితమే గాని, ఆయన బ్రతుకు ఎలా సాగిందో తెలిసినవారు తక్కువ.

1869 జూన్ 6న పెన్సిల్వేనియా రాష్ట్రంలోని కనోట్‌విల్ అనే చిన్న ఊరిలో క్లంఫ్ జన్మించారు. ఆయన బాల్యంలోనే కుటుంబం ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్‌కు తరలివచ్చింది. అప్పట్లో ఆ నగరం ఈరీ సరస్సు ఒడ్డున ఇనుము, చమురు, కలప వ్యాపారాలతో వేగంగా ఎదుగుతోంది. అయితే నగరపు సంపద క్లంఫ్‌ల గుమ్మం తొక్కలేదు. కుటుంబాన్ని ఆదుకునేందుకు బాలుడు పన్నెండవ ఏటనే బడి మానవలసి వచ్చింది. చదువు మీద మమకారం మాత్రం పోలేదు. పగలు పనిచేసి రాత్రి బడికి వెళ్ళేవారు. ట్రామ్ చార్జీ మిగుల్చుకునేందుకు కొన్ని మైళ్ళ దూరం నడిచి పోయేవారని ఆయన జీవిత విశేషాలు రాసినవారు పేర్కొన్నారు.

పదహారేళ్ళ వయసులో కయహోగా లంబర్ కంపెనీలో ఆఫీసు కుర్రాడుగా చేరారు. ఉత్తరాలు అందించడం, గది ఊడ్చడం మొదలు కలప లెక్కలు, బేరసారాలు, రవాణా వరకు అన్నీ అక్కడే నేర్చుకున్నారు. 1898 నాటికి అదే కంపెనీకి మేనేజర్ అయ్యారు. 1912 నాటికి కంపెనీకి ఆయనే ఏకైక యజమాని. ఇటువంటి కథలు అమెరికాలో ఆ తరంలో చాలానే వినిపిస్తాయి. అయితే ఈ వ్యాపారికి మరో వ్యాపకం కూడా ఉండేది. క్లీవ్‌లాండ్ సింఫనీ ఆర్కెస్ట్రాలో 14 సంవత్సరాల పాటు వేణువు వాయించారు. కలప అడితి యజమాని సాయంత్రాలు సంగీత బృందంలో కూర్చోవడం ఆ నగరంలోనూ అరుదైన విషయమే.

చికాగో న్యాయవాది పాల్ హారిస్ మరి ముగ్గురితో కలిసి 1905 ఫిబ్రవరి 23న రోటరీ క్లబ్‌ను ప్రారంభించారు. మొదట్లో అది పరిచయాల కోసం, పరస్పర వ్యాపారం కోసం ఏర్పడిన మిత్రబృందం. ఒక్కో వృత్తి నుంచి ఒక్కొక్కరిని మాత్రమే చేర్చుకునేవారు. సమావేశాలు వంతులవారీగా సభ్యుల కార్యాలయాలలో జరిగేవి కనుక ఆ పేరు వచ్చింది. సమాజ సేవ అనే లక్ష్యం కొద్దికాలం తరువాత వచ్చి చేరింది. క్లీవ్‌లాండ్‌లో క్లబ్ ఏర్పడినప్పుడు తొలి సభ్యులలో క్లంఫ్ ఒకరు. 1913లో దాని అధ్యక్షులయ్యారు.

ఆయన ఆలోచన అక్కడే మొలకెత్తింది. క్లబ్ చేతిలో అత్యవసర నిల్వ ఒకటి ఉండాలనీ, రాబోయే సంవత్సరాలలో పెద్ద పనులు తలపెట్టాలంటే ఏటా వచ్చే చందాల మీదే ఆధారపడితే చాలదనీ ఆయన తోటి సభ్యులకు చెప్పారు. వ్యాపారికి సహజమైన ఆలోచనే ఇది. ఏ యేటి ఆదాయం ఆ యేడే తినేసే దుకాణం మొదటి కరువుకే మూతపడుతుందని కలప వ్యాపారం ఆయనకు నేర్పి ఉంటుంది.

క్లంఫ్ నిర్వహణ దక్షత చూసిన రోటరీ నాయకులు ఆయనకు నిబంధనావళి తయారుచేసే బాధ్యత అప్పగించారు. క్లబ్బుల సంఖ్య పెరుగుతున్న కొద్దీ వాటిని కేంద్ర కార్యాలయం నుంచే నడపడం అసాధ్యమైంది. క్లబ్బులను జిల్లాలుగా విభజించి, ఒక్కో జిల్లాకు గవర్నర్‌ను నియమించే పద్ధతిని 1915లో అమలులోకి తేవడంలో ఆయన ప్రధాన పాత్ర వహించారు. నేటికీ మన పట్టణాలలో రోటరీ గవర్నర్ పర్యటన అంటూ వెలిసే బ్యానర్లకు మూలం ఆ ఏర్పాటే. 1916లో క్లంఫ్ సంస్థకు అంతర్జాతీయ అధ్యక్షులయ్యారు. క్యూబా రాజధాని హవానాలో క్లబ్ ఏర్పడింది ఆ ఏడాదే. ఇంగ్లీషు మాట్లాడని దేశంలో అదే తొలి రోటరీ క్లబ్.

1917 జూన్‌లో అట్లాంటా నగరంలో వార్షిక మహాసభ జరిగింది. అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగి అప్పటికి రెండు నెలలు మాత్రమే. దేశమంతా యుద్ధ బాండ్లు, రెడ్‌క్రాస్ విరాళాలు, సైన్యంలో చేరికల హడావిడిలో ఉంది. అటువంటి వేళ పదవి దిగిపోతున్న అధ్యక్షుడు క్లంఫ్ ఒక ప్రతిపాదన చేశారు. ధర్మకార్యాలు, విద్య, ఇతర సమాజ సేవా రంగాలలో ప్రపంచానికి మేలు చేసేందుకుగాను రోటరీ శాశ్వత నిధి విరాళాలు స్వీకరించడం సముచితమని సూచించారు. ఈ సూచన ఆయన సుదీర్ఘ ప్రసంగంలో కొద్ది వాక్యాలు మాత్రమే.

సభ్యులు మర్యాదగా విన్నారు. వ్యతిరేకించినవారు లేరు, ఉత్సాహపడినవారూ కనిపించలేదు. కొంతకాలానికి మిస్సోరీ రాష్ట్రంలోని కాన్సాస్ సిటీ క్లబ్ తొలి విరాళం పంపింది. ఆ మొత్తం 26 డాలర్ల 50 సెంట్లు. నాటి మారకం రేటు ప్రకారం మన లెక్కలో సుమారు 80 రూపాయలు. ఆ తరువాత ఆరేళ్ళు గడిచినా నిధి 700 డాలర్లకే చేరింది. అప్పటికి రోటరీలో సభ్యులు వేల సంఖ్యలో ఉన్నారు. వారిలో ఎక్కువమంది వ్యాపారులు, వైద్యులు, న్యాయవాదులు. డబ్బు లేక ఇవ్వలేదని చెప్పడానికి వీలులేదు.

కారణం ఊహించడం కష్టం కాదు. సేవా క్లబ్‌లో ఉన్నవాడు తన ఊరి బడికి బల్లలు ఇస్తే అవి కళ్ళ ముందు కనిపిస్తాయి. తన పేరు దాని మీద ఉంటుంది. ఎక్కడో కేంద్ర కార్యాలయంలో పడి ఉండే నిధికి, ఎప్పుడో ఎవరికో ఉపయోగపడే డబ్బుకు జేబులో చెయ్యి పెట్టేవారు తక్కువ. ఆకలితో ఉన్నవాడు వాకిట నిలబడి ఉండగా ధాన్యం గాదెలో దాచడం ధర్మమా అన్న ప్రశ్న కూడా ఉండనే ఉంది. ఇది తేలికగా కొట్టివేయవలసిన ప్రశ్న కాదు. నిల్వ పెట్టిన ప్రతి రూపాయీ ఈ రోజు ఎవరికో అందకుండా పోయిన రూపాయే.

తెలుగు పాఠకులకు ఈ విషయం కొత్త కాదు. మన ప్రభుత్వంలో దేవాదాయ శాఖకు ఇంగ్లీషులో ఉన్న పేరు ఎండోమెంట్స్ శాఖ. గుడిలో దీపారాధనకో, సత్రంలో అన్నదానానికో పూర్వం దాతలు మాన్యం రాసిచ్చేవారు. భూమి అమ్మరాదు, దాని మీద వచ్చే పంటతో దీపం వెలగాలి. దాత పోయినా దీపం ఆగదు. క్లంఫ్ కోరినది సరిగ్గా ఇదే, కాకపోతే భూమికి బదులు డాలర్లు. మాన్యం భూములకు పట్టిన గతులు కూడా మనకు తెలుసు. కాపలా లేని శాశ్వత నిధి ఎవరి శాశ్వత ఆస్తిగానో మారిపోతుంది. ఈ ప్రమాదం ఆ కలప వ్యాపారికీ తెలిసినట్లే కనిపిస్తుంది, ఎందుకంటే తరువాత ఆయన దృష్టి డబ్బు కంటే ముందు యాజమాన్యం మీదకు మళ్ళింది.

1928లో మినియాపొలిస్ మహాసభలో ఆ నిధికి రోటరీ ఫౌండేషన్ అని పేరు పెట్టారు. దానిని మాతృసంస్థ రోటరీ ఇంటర్నేషనల్ నుంచి వేరుచేసి, అయిదుగురు ధర్మకర్తలకు అప్పగించారు. సంస్థ నిర్వహణకు వచ్చే సభ్యత్వ రుసుముకూ, సేవ కోసం వచ్చే విరాళానికీ మధ్య గోడ కట్టడమే దీని ఉద్దేశ్యం. ధర్మకర్తల మండలికి తొలి అధ్యక్షులుగా క్లంఫ్ నియమితులయ్యారు. 1935 వరకు ఆ బాధ్యత నిర్వహించారు. 1928లో నిధిలో ఉన్నది అయిదు వేల డాలర్ల పైచిలుకు మాత్రమే. పదకొండేళ్ళ కృషికి అది గర్వించదగిన ఫలితం కాదు.

ఆ మరుసటి ఏడు, 1929లో, ఫౌండేషన్ తన తొలి సహాయాన్ని విడుదల చేసింది. అంతర్జాతీయ వికలాంగ బాలల సొసైటీకి 500 డాలర్లు ఇచ్చింది. ఆ సొసైటీ స్థాపకుడు ఎడ్గార్ అలెన్ కూడా రొటేరియనే. ఆయన క్లీవ్‌లాండ్‌కు చేరువలోని ఎలీరియా పట్టణవాసి. 1907లో ట్రామ్ ప్రమాదంలో కొడుకును పోగొట్టుకున్న అలెన్, ఊరిలో సరైన ఆసుపత్రి లేకపోవడమే తన బిడ్డను బలిగొన్నదని భావించి, వ్యాపారం అమ్మివేసి ఆసుపత్రి నిర్మాణానికి పూనుకున్నారు. అక్కడికి వచ్చిన అంగవైకల్యం ఉన్న పిల్లల దుస్థితి ఆయనను ఈ సొసైటీ స్థాపన వైపు నడిపించింది. ఆ రోజులలో పిల్లల కాళ్ళు చచ్చుబడడానికి ప్రధాన కారణాలలో పోలియో ఒకటి. అర్ధ శతాబ్దం తరువాత ఇదే ఫౌండేషన్ ఇదే వ్యాధి మీదకు కోట్ల డాలర్లతో వెళ్ళవలసి వస్తుందని ఆనాడు అనుకున్నవారు ఎవరూ ఉండరు.

తొలి సహాయం అందిన ఏడాదే అక్టోబరులో న్యూయార్క్ స్టాక్ మార్కెట్ కుప్పకూలింది. ఆర్థిక మాంద్యంలో బ్యాంకులు మూతపడ్డాయి. క్లబ్బుల సభ్యులే దివాలా తీశారు. ధర్మకర్తల మండలి అధ్యక్షుడిగా క్లంఫ్ పదవీకాలం చాలావరకు ఈ గడ్డు రోజులలోనే గడిచిపోయింది. 1937లో 20 లక్షల డాలర్లు సేకరించాలని లక్ష్యం ప్రకటించారు. రెండవ ప్రపంచ యుద్ధం రావడంతో ఆ పథకం మూలపడింది. శాశ్వత నిధి కావాలన్న ప్రతిపాదన వెలువడి ముప్పై ఏళ్ళు కావస్తున్నా దాని పేరుకు తగిన సొమ్ము చేరలేదు. ఈ మధ్యకాలంలో క్లంఫ్ ప్రతిపాదనను వదిలిపెట్టలేదు, పెద్దగా సాధించిందీ లేదు.

మలుపు మరణం రూపంలో వచ్చింది. 1947 జనవరి 27న పాల్ హారిస్ చికాగోలో మరణించారు. తన అంత్యక్రియలకు పూలు పంపే బదులు ఆ సొమ్ము ఫౌండేషన్‌కు ఇవ్వాలన్నది ఆయన కోరిక. ప్రపంచం నలుమూలల నుంచీ క్లబ్బులు, సభ్యులు విరాళాలు పంపడం మొదలుపెట్టారు. కొద్దికాలంలోనే ఆ మొత్తం పది లక్షల డాలర్లు దాటింది. క్లంఫ్ మూడు దశాబ్దాల పాటు విజ్ఞప్తులు చేసినా కదలని జేబులు, హారిస్ స్మృతికి కదిలాయి. నిధి ఆలోచన ఒకరిది, దానిని నింపిన పేరు మరొకరిది. క్లంఫ్ దీనికి నొచ్చుకున్నారనడానికి ఆధారమేదీ కనిపించదు.

ఆ డబ్బుతో 1947-48లో తొలి కార్యక్రమం మొదలయింది. వివిధ దేశాలకు చెందిన 18 మంది యువతీ యువకులను పరాయి దేశాలలో ఉన్నత విద్యకు పంపారు. యుద్ధంలో ఒకరినొకరు చంపుకున్న దేశాల పిల్లలు ఒకరి ఊరిలో మరొకరు చదువుకోవాలన్నది దాని వెనుక ఉన్న ఆశ. ఆ ఉపకార వేతనాల పథకం ఆ తరువాత దశాబ్దాల పాటు భారతీయ విద్యార్థులతో సహా వేలమందిని విదేశాలకు పంపింది. పన్నెండవ ఏట బడి మానిన వ్యక్తి ప్రతిపాదించిన నిధికి మొట్టమొదటి పెద్ద ఖర్చు చదువు మీద జరిగింది.

క్లంఫ్ 1951 జూన్ 3న, 82వ పుట్టిన రోజుకు మూడు రోజుల ముందు, కన్నుమూశారు.

ఆయన పోయిన తరువాత నిధికి వేగం వచ్చింది. 1957లో వెయ్యి డాలర్లు ఇచ్చిన దాతలను పాల్ హారిస్ ఫెలోలుగా గౌరవించే పద్ధతి ప్రవేశపెట్టారు. మన జిల్లా కేంద్రాలలో డాక్టర్ల, మిల్లు యజమానుల పేర్ల పక్కన కనిపించే పి.హెచ్.ఎఫ్. అనే అక్షరాలకు అర్థం అదే. బిరుదు ఆశ చూపి విరాళం రాబట్టడం మీద విమర్శ లేకపోలేదు. కానీ గుప్తదానం కంటే పేరున్న దానానికే జనం ముందుకు వస్తారన్న సత్యాన్ని గుళ్ళలో పాలరాతి పలకలు చెక్కించిన మన పెద్దలు ఎప్పుడో గ్రహించారు. 1960ల మధ్యలో రెండు దేశాల క్లబ్బులు కలిసి చేపట్టే పనికి ఫౌండేషన్ సమాన వాటా జతచేసే పథకం వచ్చింది.

ఉమ్మడి నిధి పనిచేసే తీరు తెలుసుకోదగ్గది. సభ్యులు ఏటా ఇచ్చే విరాళాన్ని వెంటనే ఖర్చు చేయరు. మూడేళ్ళ పాటు పెట్టుబడి పెడతారు. ఆ మూడేళ్ళలో వచ్చిన రాబడి నిర్వహణ ఖర్చులకు తోడ్పడుతుంది. మూడేళ్ళ తరువాత అసలులో సుమారు సగం, విరాళం పంపిన జిల్లాకే తిరిగి వచ్చి అక్కడి క్లబ్బుల నిర్ణయం మేరకు ఖర్చవుతుంది. మిగిలిన సగం ప్రపంచ నిధికి వెళ్తుంది. ఒక పట్టణంలో డయాలసిస్ కేంద్రమో, తాగునీటి పథకమో చేపట్టదలచిన క్లబ్, మరో దేశపు క్లబ్‌ను భాగస్వామిగా చేర్చుకుని, రెండు జిల్లాల వాటాలు చూపితే, ప్రపంచ నిధి నుంచి అదనపు సొమ్ము వచ్చి చేరుతుంది. ఇటువంటి గ్లోబల్ గ్రాంటుకు పథకం కనీస వ్యయం 30 వేల డాలర్లు ఉండాలని నిబంధన. అవసరమున్న చోట డబ్బు ఉండదు, డబ్బున్న చోట అవసరం ఉండదు. ఈ రెండింటినీ కలిపే వంతెన ప్రపంచ నిధి.

దీనికి వేరుగా ఎండోమెంట్ ఫండ్ ఉంది. క్లంఫ్ మొదట ఊహించినది దీనినే. ఇందులో అసలు ముట్టుకోరు. రాబడిలో కొంత భాగాన్ని మాత్రమే ఏటా ఖర్చుకు విడుదల చేస్తారు. మార్కెట్ పడిపోయిన ఏడు రాబడి తగ్గుతుంది, కనుక మంచి ఏళ్ళలో కొంత మిగల్చడం నియమం. 2025 నాటికి చేతిలో ఉన్న సొమ్ము, దాతలు వీలునామాల ద్వారా హామీ ఇచ్చిన సొమ్ము కలిపి ఈ నిధిని 202.5 కోట్ల డాలర్లకు చేర్చాలని ఫౌండేషన్ లక్ష్యం పెట్టుకుంది.

పోలియో మీదకు రోటరీ తొలి అడుగు 1979లో ఫిలిప్పీన్స్‌లో పడింది. అక్కడ సుమారు 60 లక్షల మంది పిల్లలకు చుక్కల మందు వేసే పనికి ఫౌండేషన్ డబ్బు ఇచ్చింది. 1985లో పోలియోప్లస్ పేరుతో ప్రపంచవ్యాప్త కార్యక్రమం ప్రకటించి 12 కోట్ల డాలర్ల సేకరణకు పిలుపునిచ్చారు. 1988 నాటికి 24.7 కోట్ల డాలర్లు పోగయ్యాయి. ఆ ఏడాదే ప్రపంచ ఆరోగ్య మహాసభ పోలియో నిర్మూలన తీర్మానం చేసింది. అప్పటికి 125 దేశాలలో ఏటా మూడున్నర లక్షల మంది పిల్లలు ఈ వ్యాధికి గురవుతున్నారని అంచనా. భారత్‌లో 1995 నుంచి పల్స్ పోలియో దినాలు మొదలయ్యాయి. 2013 నుంచి రోటరీ సేకరించే ప్రతి డాలరుకు గేట్స్ ఫౌండేషన్ రెండు డాలర్లు జతచేసే ఒప్పందాన్ని అమలుచేసింది.

పని మాత్రం పూర్తి కాలేదు. పొరుగునే ఉన్న పాకిస్తాన్‌లోనూ, అఫ్ఘానిస్తాన్‌లోనూ సహజసిద్ధ పోలియో వైరస్ వ్యాప్తికి తెరపడలేదు. టీకా బృందాల మీద దాడులు, వదంతులు, కొండప్రాంతాల రవాణా కష్టాలు అక్కడ అడ్డంకులు. సరిహద్దు అవతల వైరస్ ఉన్నంత కాలం ఇవతల చుక్కల మందు ఆపలేరు. ఏ యేటి చందాతో ఆ యేడు గడిపే సంస్థ అయితే నలభై ఏళ్ళ పాటు ఒకే వ్యాధి వెంట పడడం సాధ్యమయ్యేది కాదు.

భారత ఉపఖండంలో రోటరీ కలకత్తాతో మొదలయింది. అక్కడి క్లబ్‌కు 1920 జనవరి 1న గుర్తింపు లభించింది. 1929లో మద్రాసు, బొంబాయి, కొలంబోలలో క్లబ్బులు వెలిశాయి. తొలినాళ్ళలో యూరోపియన్ వ్యాపారులదే వాటిలో పైచేయి. క్లంఫ్ బ్రతికి ఉన్నంత కాలం, ఆ తరువాత కూడా చాలాకాలం, స్త్రీలకు రోటరీలో ప్రవేశం లేదు. 1987లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు తరువాత 1989లో నిబంధన మారింది. 1962లో కలకత్తాకు చెందిన నితీశ్ లహరి అంతర్జాతీయ అధ్యక్షులు కావడంతో ఆ పదవి తొలిసారిగా ఆసియా ఖండానికి దక్కింది. 1991లో చండీగఢ్‌కు చెందిన రాజేంద్ర సాబూ, 2011లో వాపికి చెందిన కల్యాణ్ బెనర్జీ, 2015లో శ్రీలంక నుంచి కె.ఆర్. రవీంద్రన్, 2021లో కలకత్తాకు చెందిన శేఖర్ మెహతా అదే స్థానానికి వచ్చారు. ఒకప్పుడు ఫౌండేషన్ నుంచి తీసుకునే దేశంగానే ఉన్న భారత్, తరువాతి కాలంలో దానికి పెద్దయెత్తున ఇచ్చే దేశాల వరుసలో చేరింది.

2004లో ఫౌండేషన్ ధర్మకర్తలు క్లంఫ్ పేరిట ఒక దాతల సంఘాన్ని ఏర్పాటుచేశారు. ఆర్చ్ క్లంఫ్ సొసైటీ అని పిలిచే ఈ సంఘంలో చోటు దక్కాలంటే కనీసం 2,50,000 డాలర్లు ఇవ్వాలి. కాన్సాస్ సిటీ క్లబ్ పంపిన తొలి విరాళానికి ఇది తొమ్మిది వేల రెట్ల పైమాటే. ఆ సభ్యుల జాబితాలో భారతీయుల పేర్లు చాలానే ఉన్నాయి.